ఇళయరాజాను బహుముఖ ప్రజ్ఞాశాలి అనొద్దు

మా కడపలో ఆర్కెస్ట్రా వాళ్లకు సన్మానం జరిగిందంటే ఒక శాలువా, ఒక దండ, ఫ్రేము కట్టించిన ఒక సన్మాన పత్రం తప్పనిసరి. ఆ పత్రంలో మొదటి వాక్యం ఏళ్ల తరబడి మారలేదు: 'బహుముఖ ప్రజ్ఞాశాలి అయిన తమరు...' డోలక్ వాయించే మనిషికీ అదే, మిమిక్రీ చేసే కుర్రాడికీ అదే. ఒకసారి మైకుసెట్టు ఆయనకూ అదే చదివారు. పాపం, ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అంటున్నారేమోనని. డీటీపీ సెంటర్లో ఫైలు ఒక్కటే ఉంటుంది, పేరు మారుస్తారంతే. నాకూ ఒకటుంది. బీరువా పైన, పాత సూట్‌కేసు వెనక.

ఆ మాటంటే నాకు అప్పట్నుంచీ చిరాకు. అందుకే మొన్న జూన్‌లో మా పాత ఆర్కెస్ట్రా మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఇళయరాజా పుట్టినరోజు పోస్టు చూసి ఊరుకోలేకపోయాను. జానపదం చేశారు, కర్ణాటకం చేశారు, వెస్టర్న్ చేశారు, భక్తి చేశారు, సింఫనీ చేశారు, బహుముఖ ప్రజ్ఞాశాలి, అని ఎవరో పెట్టారు. కింద నలభై దండాలు. నేను 'ఆయన చేసింది ఒక్కటే పని' అని రాశాను. ఇక చూడండి. పాత మిత్రుడొకడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఫోనులో బొటనవేలితో టైపు చేస్తే తెగే వాదన కాదిది. ఇక్కడ నెమ్మదిగా చెబుతాను.

(ఆ పోస్టు జూన్ 2న పెట్టారు. ఆయన పుట్టింది 3న. తనకు 'ఇసైజ్ఞాని' బిరుదిచ్చిన కరుణానిధి పుట్టినరోజు కూడా 3నే కావడంతో, తన పండగను ఒకరోజు ముందుకు జరుపుకున్నాడు.)

నేను బేస్ గిటార్ వాయించేవాణ్ణి. ఈ వాదనంతా బేస్ గిటార్ వైపు నుంచి చేస్తున్నదని ముందే తెలుసుకోండి. స్టేజీ మీద గాయకుడిని అందరూ చూస్తారు, కీబోర్డును కొందరు చూస్తారు, ప్యాడ్స్ వాయించేవాడిని పిల్లలు చూస్తారు. బేస్ వాయించేవాడిని కరెంటాయన తప్ప ఎవరూ చూడరు, అదీ వైరు తొక్కుతానేమోనని.

1989లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. 'గీతాంజలి' క్యాసెట్ వచ్చిన ఏడాది. అప్పటికే మా ట్రూపులో నన్ను పెట్టుకున్నారు. కీబోర్డు మాస్టరే ట్రూపు యజమాని. చర్చిలో హార్మోనియం వాయిస్తూ సంగీతం నేర్చుకున్న మనిషి, నోటేషన్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, కొంచెం చదవగలడు. నా చేతిలో గివ్సన్ కంపెనీ సెకండ్ హ్యాండ్ బేస్. బొంబాయి-మద్రాసు రైలు మార్గం మీద ఉన్న ఊరు మాది, కాబట్టి తీగ తెగితే మద్రాసు పోయే ఎవరికో ఒకరికి డబ్బులిచ్చి తెప్పించుకునేవాళ్లం. వినాయక చవితి పందిళ్లు, పెళ్లి రిసెప్షన్లు, దసరా రోజుల్లో ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు దసరా అంటే మాకు సీజనంతటికీ పెద్ద పరీక్ష. అక్కడి జనం పాటలు తెలిసిన జనం, బిట్టు తప్పితే కింద నుంచి ఈల వేసి చెబుతారు.

క్యాసెట్ నుంచి బేస్ పట్టుకోవడం ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఒక్కో టేపురికార్డర్ ఒక్కో స్పీడులో తిరిగేది. మా ఇంట్లో దాంట్లో పాట ఒక స్కేలు, మాస్టరు ఇంట్లో దాంట్లో అదే పాట అర స్వరం పైన. గొంతు వినబడుతుంది, వయొలిన్లు వినబడతాయి, బేస్ మాత్రం అడుగున ఎక్కడో గురక పెట్టినట్టుంటుంది. మొదటిసారి నేను రెండు గంటలు కూర్చుని ఏమీ తేల్చలేక మాస్టరు దగ్గరికి పోయాను.

"బేస్ యినబడ్డంలా మాస్టరూ."

"అది చెవికి యినబడేది కాదు ప్పా. తగిలేది. ఇట్లా తే."

టేపురికార్డర్ తీసుకుని, బియ్యం అయిపోయిన ఖాళీ చెక్కపెట్టె మీద పెట్టాడు. ట్రెబుల్ పూర్తిగా తగ్గించాడు. నా అరచెయ్యి పట్టుకుని పెట్టె పక్కకు ఆనించాడు. పాట పెట్టాడు. గొంతు ఎక్కడో దుప్పటి కిందకి పోయింది. పెట్టె మాత్రం నా చేతికింద నడవడం మొదలుపెట్టింది. నడవడం అనే మాటే సరైనది. ఒక మనిషి మెట్లు దిగుతున్నట్టు, మధ్యలో ఒక మెట్టు మీద ఆగి ఆలోచించినట్టు, మళ్లీ రెండు మెట్లు ఎక్కినట్టు. పైన గొంతు అదే చోట నిలబడి ఒక స్వరం పట్టుకుని ఉంది. కింద ఇతను ఆగడం లేదు.

అంతకుముందు మేము వాయించే పాటల్లో చాలావాటికి నా పని తేలిక. షడ్జమం, అంటే 'స' దగ్గర ఒక దెబ్బ, పంచమం, అంటే 'ప' దగ్గర ఒక దెబ్బ. గోడకు సున్నం కొట్టినట్టు. ఇళయరాజా పాట వచ్చిందంటే బేస్‌కు సొంత పాట ఉంటుంది. గాయకుడు రాకపోయినా దాన్నొక్కదాన్నే పాడుకోవచ్చు. మన వైపు చెక్కభజన చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాళ్లది ఒక లెక్క, చెక్కలది ఒక లెక్క, నోటిది ఒక లెక్క, మూడూ కలిసి ఎక్కడో ఒకచోట దిగుతాయి. దేనికది విడిగా చూస్తే పూర్తిగానే ఉంటుంది. వెస్టర్న్ వాళ్లు కౌంటర్‌పాయింట్ అనేది ఇంచుమించు ఇదే. ఆ పేరు నేను విన్నది చాలా ఏళ్ల తర్వాత. పని మాత్రం బియ్యప్పెట్టె మీద చెయ్యి పెట్టి నేర్చుకున్నాను.

'గీతాంజలి' పాటల్లో ఒకటి పట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పాట పేరు చెప్పను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. పదకొండో రోజు రాత్రి రిహార్సల్లో మొత్తం వాయించాను. చరణం అయిపోయి పల్లవికి తిరిగి వచ్చే మలుపు దగ్గర, కీబోర్డు మీద వంగి ఉన్న మాస్టరు తలెత్తి నావైపు ఒక చూపు చూశాడు. ఆ తర్వాత ఎన్ని స్టేజీల మీద ఆ పాట వాయించినా అక్కడికి రాగానే ఆ చూపు ఉండేది. నాకు లోపల ఎంత పొగరుగా ఉండేదో చెప్పలేను.

ఇంతకీ ఆయన చేసిన ఆ ఒక్క పని ఏమిటి? రాయడం. కాగితం మీద, పెన్నుతో, అందరికీ సరిపడా రాయడం.

ఇక్కడ ఆయన జీవితంలోకి కొంచెం పోవాలి. 1943లో ఇప్పటి తేని జిల్లా పన్నైపురంలో పుట్టాడు. అన్న పావలర్ వరదరాజన్‌కు పాటల బృందం ఉండేది, కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాడేవాళ్లు. పద్నాలుగేళ్ల వయసులో తమ్ముడు అందులో చేరాడు. పదేళ్లపాటు ఊరూరూ తిరుగుడే. ఆ బృందం అచ్చంగా మాలాంటిదే: ఒక హార్మోనియం, ఒక డోలు, చేతికందిన వాహనం. అక్కడ నోటేషన్ ఉండదు. విన్నది వాయించడమే.

తర్వాత మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టర్ దగ్గర చేరాడు. గిటారు, పియానో, వెస్టర్న్ హార్మనీ, స్టాఫ్ నోటేషన్, అన్నీ అక్కడే. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నాడు. సినిమాల్లో గిటారు వాయించే మనిషిగా, ఆ తర్వాత కన్నడ సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్‌కు సహాయకుడిగా చాలా కాలం పనిచేశాడు. ఆ రోజుల్లోనే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ట్రూపులోనూ వాయించాడు. బాలు మా సీమకు కొత్త మనిషేం కాదు, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, జబ్బు చేసి మానేసి వెళ్లిన కుర్రాడు. ఆ ట్రూపులో రాజా, అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ అందరూ ఉండేవాళ్లు. అంటే ఇళయరాజా కూడా కొన్నాళ్లు ఆర్కెస్ట్రా మనిషే. ఈ ముక్క నేను మా గ్రూపులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

1976లో 'అన్నక్కిళి' వచ్చింది. పేరు పెట్టింది ఆ సినిమా రచయిత పంచు అరుణాచలం. 'రాజా' అని పిలుస్తుండేవాళ్లు గానీ, అప్పటికే ఎ.ఎం. రాజా ఉన్నాడు కాబట్టి ముందు 'ఇళయ' చేర్చాడు. తమిళంలో ఇళయ అంటే చిన్న. ఆ పెద్ద రాజా ఎవరనుకున్నారు? మన చిత్తూరు జిల్లావాడు. 'మిస్సమ్మ'లో పాడిన గొంతు, 'పెళ్లికానుక'కు బాణీలు కట్టిన చెయ్యి. చిన్న రాజా పేరులో ఆ చిన్నతనం రాయలసీమ వాడి వల్ల వచ్చిందన్నమాట. దీనివల్ల నా వాదనకు ఏ లాభమూ లేదు. చెప్పకుండా ఉండలేక చెప్పాను.

లాభం ఉన్న విషయం ఇది. పదేళ్లు విన్నది వాయించిన మనిషి, తర్వాత రాయడం నేర్చుకున్నాడు. ఆ రెండూ ఒకే తలకాయలో కలిశాయి. చాలామంది సంగీత దర్శకులు బాణీ కడతారు, దానికి బట్టలు తొడగడానికి అరేంజర్ వేరే ఉంటాడు. రాజా దగ్గర ఆ విభజన లేదు. బాణీ ఖాయమయ్యాక ఏ వాయిద్యమూ ముట్టుకోకుండా కాగితాల మీద మొత్తం దించేస్తాడు. మొదటి వయొలిన్లకు ఇది, రెండో వయొలిన్లకు ఇది, చెల్లోకు ఇది, వేణువుకు ఇది, తబలాకు ఇది, బేస్‌కు ఇది. సహాయకులు ఎవరి భాగం వాళ్లకు విడదీసి రాసి ఇస్తారు. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ పట్టుకుని, పురుషోత్తమన్ డ్రమ్స్ వెనక, శశిధరన్ బేస్‌తో కూర్చునేవాళ్లు. అందరూ ఒకే హాల్లో, ఒకే సమయంలో. ఒకడు తప్పు వాయిస్తే అందరూ మళ్లీ మొదటికి. ఉదయం కాగితం, మధ్యాహ్నానికి పాట.

ఇప్పుడు మీరు బహుముఖాలు అంటున్నవన్నీ ఈ వైపు నుంచి చూడండి.

'సింధుభైరవి' తీసుకోండి. 'మరి మరి నిన్నే మొరలిడ' త్యాగరాజస్వామి కృతి, కాంభోజి రాగం. రాజా దాన్ని సారమతిలోకి మార్చి, పక్కనే ఒక పల్లెపాట పెట్టాడు, చదువు రాని నాకు రాగం తాళం ఏం తెలుసు అనే అర్థంలో. సంప్రదాయం తెలిసినవాళ్లలో కొందరికి కోపం వచ్చింది. కాంభోజిని ముట్టుకోవడానికి నువ్వెవరన్నారు. సరే, ఆ కోపం వాళ్లది. నాకు కనిపించేది వేరు. పల్లెపాట నడిచి నడిచి కృతిలోకి వచ్చేచోట అతుకు కనబడదు. అక్కడ జానపద విభాగం, ఇక్కడ శాస్త్రీయ విభాగం అని రెండు ముఖాలు పెట్టుకున్న మనిషికి అది సాధ్యం కాదు. రెంటినీ ఒకే కాగితం మీద చూస్తున్నవాడికే ఆ దారి దొరుకుతుంది. అదే సినిమాలో 'కలైవాణియే' పాట మొత్తం ఆరోహణలోనే కట్టాడు, స్వరాలు పైకి ఎక్కడమే తప్ప దిగడం లేదు. మెట్లు ఎక్కుతూనే ఉండి, మళ్లీ ఎక్కడానికి కింద మెట్టు మీదికి గెంతాలి. విన్నవాడికి ఈ లెక్క తెలియనక్కర్లేదు, నిజానికి తెలియదు కూడా.

1986లో 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్ చేసి త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చాడు. మన పత్రికలు దాన్ని 'ప్రాచ్య పాశ్చాత్య సంగమం' అని రాసి వదిలేశాయి. సంగమం అంటే రెండు నదులుండాలి. ఆ క్యాసెట్ వింటే నాకు ఒక నదే వినిపించింది. తీగ వాయిద్యాలు ఒకదాని మాట ఇంకొకటి అందుకుంటూ పోయే తీరు, మా బియ్యప్పెట్టె కింద నడిచిన నడకే. సినిమా పాటలో అడుగున దాగి ఉన్నది ఇక్కడ పైకి వచ్చింది, అంతే.

ఇటు తెలుగులో చూస్తే, 1983లో 'సాగర సంగమం'. అప్పటిదాకా విశ్వనాథ్ అంటే కె.వి. మహదేవన్. ఆ చోట్లోకి వచ్చి రాజా జాతీయ అవార్డు కొట్టాడు. ఆయనకు వచ్చిన అయిదు జాతీయ అవార్డుల్లో రెండు తెలుగు సినిమాలకే, రెండోది 'రుద్రవీణ'. వంశీ 'సితార'కు గోదారి వెన్నెల పరిచాడు, జానకి గొంతుకు జాతీయ అవార్డు తెచ్చాడు. మేము ఎండిన పెన్న పక్కన కూర్చుని ఆ గోదారి పాట వాయించేవాళ్లం. జనం ఏ ఒక్కరూ మనకెందుకు ఈ గోదారి అనలేదు. చివరి రెండు అవార్డులు నేపథ్య సంగీతానికి వచ్చాయి, 'పళశ్శిరాజా'కు, 'తారై తప్పట్టై'కి. రెండోది ఆయన వెయ్యో సినిమా అని ప్రచారం చేశారు. వెయ్యి సినిమాలు కాగితం మీద రాసిన చెయ్యి ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూడాలని ఉంది.

రాయడం గురించి ఇంత పట్టుబడుతున్నానంటే దానికి మా ఊరి కారణం ఒకటుంది. రాజంపేట దగ్గర తాళ్లపాక. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకుపోయి చూపించారు. అన్నమయ్య వేల సంకీర్తనలు కట్టాడు, వాటిని రాగిరేకుల మీద చెక్కించారు, తిరుమల కొండ మీద ఒక అరలో దాచి పెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని బయటికి తీసి చదివి పరిష్కరించారు, వేటూరి ప్రభాకరశాస్త్రి, ఆ తర్వాత మా అనంతపురం జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. రేకు మీద సాహిత్యం ఉంది. పైన రాగం పేరు ఉంది. బాణీ లేదు. స్వరం రాయలేదు. అయిదువందల ఏళ్ల కిందట ఆయన ఆ పాట ఎలా పాడాడో మనకు తెలిసే దారి లేదు. ఇవాళ మనం పాడుకుంటున్న అన్నమయ్య బాణీలు చాలావరకు రాళ్లపల్లి వారూ, ఆ తర్వాతి వాళ్లూ కట్టినవి. మంచి బాణీలే, కాదనను. కానీ తాళ్లపాక ఆయన గొంతు రేకుల్లోకి ఎక్కలేదు. రాగి ఖర్చు పెట్టి కూడా సగమే దాచుకోగలిగాం.

అందుకని ఒక మనిషి తన పాటలో పదహారో వయొలిన్ ఏం వాయించాలో కూడా కాగితం మీద పెట్టాడంటే, నాకు మిగతా బిరుదులన్నీ చిన్నవిగా కనిపిస్తాయి.

ఇక ఎదురు వాదనలు. మా గ్రూపులో వచ్చినవే చెబుతాను, కొత్తవి నేను కల్పించను.

ఒకటి, 'తెలుగుకు ఆయన ఇచ్చింది తమిళంలో మిగిలింది' అన్నది. ఇందులో నిజం ఉంది. 1977లో 'భద్రకాళి'లో మనం 'చిన్ని చిన్ని కన్నయ్య' అని మురిసిపోయిన బాణీ అంతకుముందే తమిళ భద్రకాళిలో ఉంది. అలాంటివి ఇంకా బోలెడు. తమిళ క్యాసెట్లు మా ఊరికి ముందే దిగేవి కాబట్టి మాకు ఈ గుట్టు ఎప్పుడూ తెలుసు. కొత్త తెలుగు పాట వచ్చిందంటే మాస్టరు 'ఇది పాత చొక్కానే ప్పా' అనేవాడు. కొన్నిచోట్ల తెలుగు మాట ఆ బాణీలో ఇరుక్కుని, దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం పడి గుచ్చుకుంటుంది కూడా. దీన్ని నేను సమర్థించను. వేటూరి, సిరివెన్నెల లాంటివాళ్లు కొలతకు సరిగ్గా కుట్టి కాపాడారు గనుక సరిపోయింది.

రెండోది గట్టి దెబ్బ. 'తొంభైల మధ్య నుంచి ఆయన పస తగ్గింది, రెహమాన్ వచ్చి పక్కకు తోశాడు.' కడపలో రెహమాన్ మీద మాట పడనివ్వరు. పెద్ద దర్గా ఉరుసుకు వచ్చి పోయే మనిషి, మా ఊరివాడి కిందే లెక్క. ఆ రెహమాన్ కుర్రతనంలో రాజా దగ్గర కీబోర్డు వాయించాడు. 1992లో 'రోజా'తో వచ్చినప్పుడు పని చేసే తీరే వేరు. ఇంట్లోనే స్టూడియో, ఒక్కొక్క వాయిద్యాన్నీ ఒక్కొక్క రాత్రి విడిగా రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నచ్చనిది తీసేసి, మళ్లీ పేర్చడం. అది కూడా గొప్ప విద్యే. అందులో కాగితంతో పని తక్కువ, చెవితో పని ఎక్కువ. పరిశ్రమ మొత్తం ఆ దారి పట్టింది. అరవైమంది ఒకే హాల్లో కూర్చునే రోజులు పోయాయి.

నా లెక్క ప్రకారం రాజాకు పస తగ్గలేదు, చదివేవాళ్లు తగ్గారు. నాటకం రాసేవాడికి నటులు లేకుండా పోయినట్టు. ఆ తర్వాతి పాటల్లో కంప్యూటర్ తీగల మీద ఆయన రాత వింటుంటే, బాగా చదువుకున్న మనిషి జలుబు చేసిన గొంతుతో మాట్లాడుతున్నట్టుంటుంది. నేను కూడా వినడం తగ్గించాను, దాచుకోవడం ఎందుకు. 1993లోనే రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఒక సింఫనీ రాసి రికార్డు చేశాడు, అది ఇప్పటికీ బయటికి రాలేదు. 2025 మార్చి 8న లండన్‌లో 'వాలియంట్' సింఫనీ వినిపించాడు. ఎనభై ఒకటేళ్ల వయసులో. మన టీవీల వాళ్లు దాన్ని కూడా కొత్త ముఖం కింద కలిపేశారు. కాదు కదా! చదివేవాళ్లు దొరికారు, రాసిచ్చాడు.

మూడో వాదన నాలోనే ఉంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, నా పాటలు అనుమతి లేకుండా పాడొద్దని రాజా తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. బాలు ఆ సంగతి తనే ఫేస్‌బుక్‌లో చెప్పుకున్నాడు. ఆ వారం మా ఊర్లో టీ కొట్ల దగ్గర కూడా రెండు పార్టీలు. ఒకప్పుడు ఒకే ట్రూపులో వాయించినవాళ్లు. తర్వాత కలిశారు. 2020లో బాలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు త్వరగా లేచి రా బాలూ అని రాజా వీడియో పెట్టాడు. బాలు రాలేదు.

చట్టం వైపు నుంచి రాజాది తప్పని నేను అనను. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, పాట రాసినవాడికీ స్వరపరిచినవాడికీ రాయల్టీలో వాటా హక్కుగా ఇచ్చింది. అంతకుముందు నిర్మాతలూ ఆడియో కంపెనీలూ తిన్నదాంట్లో వాళ్లకు పెద్దగా దక్కింది లేదు. పైగా నా వాదన ప్రకారమే, ప్రతి స్వరం తను రాసినప్పుడు అది తనదేనని అనడంలో ఆశ్చర్యం ఏముంది? పొలం మొత్తం తనే దున్నినవాడు గట్టు మీద నిలబడి ఇది నాది అంటాడు.

కానీ నేను బేస్ వాయించినవాణ్ణి. పదకొండు రోజులు పెట్టె మీద చెయ్యి పెట్టి ఆ పాట నేర్చుకున్నప్పుడు, క్యాసెట్ లోపలి మడత కాగితం విప్పి చూశాను, ఈ బేస్ వాయించిందెవరా అని. గాయకుల పేర్లు ఉన్నాయి, రచయిత పేరు ఉంది, సంగీతం ఇళయరాజా అని పెద్ద అక్షరాలు. వాయించినవాళ్ల పేర్లు లేవు. శశిధరన్ అనే పేరు నాకు ఇంటర్నెట్ వచ్చాకే తెలిసింది. రాజా కూడా గిటారు పట్టుకుని ఇతరుల పాటలకు పేరు లేకుండా వాయించి వచ్చినవాడే. ఆ కాగితంలో నాలుగు పేర్లు వేయించడం ఆయన చేతిలో పని. అప్పటి పద్ధతి అదే అని సర్దిచెప్పుకుంటాను గానీ, సర్దుకోదు.

మేమేమీ కడిగిన ముత్యాలం కాదు. పదమూడేళ్లు ఆయన పాటలు వాయించి డబ్బులు తీసుకున్నాం, ఒక్క పైసా ఎవరికీ కట్టలేదు, కట్టాలని తెలియదు కూడా. మాకే సరిగ్గా ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదనుకోండి. ఒక పెళ్లిలో రాత్రి ఒంటిగంట దాకా వాయించుకుని, డబ్బులు అడిగితే పెళ్లికొడుకు మేనమామ 'భోంచేశారు కదా' అన్నాడు. మాస్టరు ఏమీ అనలేదు. కీబోర్డు గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చి, బస్టాండు దగ్గర మా అందరికీ కారం దోసెలు తన జేబులోంచి పెట్టించాడు.

మాస్టరు పోయి ఆరేళ్లయింది. ట్రూపు అంతకుముందే పోయింది, ఇప్పుడు డీజే బాక్సులు వచ్చాయి. నేను ఆఫీసు ఉద్యోగంలో ఉన్నాను, గివ్సన్ బీరువా పైన సన్మాన పత్రం పక్కన ఉంది.

పోయిన నెల మా అక్క కొడుకు సెలవులకు వచ్చాడు. ఇంజనీరింగ్ పిల్లోడు, బేస్ నేర్చుకుంటున్నాడు. వాడి ఫోనులో ఏదో యాప్ ఉంది. పాట వేస్తే గొంతు వేరు, డ్రమ్స్ వేరు, బేస్ వేరు, పచ్చి ఉల్లిపాయ పొరల్లా విడదీసి ఇస్తుంది. నా పాట పెట్టమన్నాను. ముప్పై అయిదేళ్ల కిందట నేను అరచేత్తో పట్టుకున్నది ఒక్కటే, ఏ గొంతూ అడ్డం లేకుండా గదిలో నడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, పిల్లోడి ముందు దగ్గి కప్పుకున్నాను. బీరువా పైనుంచి గివ్సన్ దించి, తుప్పు పట్టిన తీగల మీదే వాడికి వాయించి చూపించాను. ఒక్క స్వరం మరిచిపోలేదు.

వాడు రెండుసార్లు విన్నాడు. మూడోసారి ఆపాడు.

"మామా, ఈడ, పల్లవికి తిరిగేచోట నువ్వు 'స' వాయిస్తాండావు. ఆడ ఉండేది 'గ' మామా."

లేదన్నాను. పెట్టి చూపించాడు. మళ్లీ పెట్టించాను. కార్డు, అంటే కలిపి మోగే స్వరాల గుంపు, 'సగప'నే, పైన అందరూ ఇంటికి వచ్చేశారు, కానీ బేస్ మాత్రం 'స' మీద దిగకుండా 'గ' మీద నిలబడింది. గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా, చెప్పులు విప్పకుండా నిలబడ్డ మనిషిలాగా. దానివల్లే పల్లవి మళ్లీ మొదలవ్వాలనిపిస్తుంది. నేను 'స' కొట్టి ప్రతిసారీ పాటను అక్కడే ముగించేశాను. ఇప్పుడు పాట పేరు చెబితే మీరు పోయి విని నవ్వుతారు, అందుకే చెప్పనన్నాను.

రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు వాయించినందుకు కాదు. మాస్టరు నోటేషన్ చదవగలడు, చెవి కూడా సూదిమొన. సరిగ్గా ఆ చోటుకు వచ్చినప్పుడే, ప్రతి స్టేజీ మీదా, కీబోర్డు మీంచి తలెత్తి నావైపు చూసేవాడు.

మెచ్చుకుంటున్నాడనుకున్నాను.